గూఢచారి తుపాకి, బందరు చీకటి

తెలుగులో తొలి గూఢచారి చిత్రంగా పేరొందిన ‘గూఢచారి 116’ 1966 ఆగస్టులో విడుదలైంది గనుక 2026లో దానికి అరవయ్యేళ్లు నిండుతాయి. 1926లో మచిలీపట్నంలో, అంటే బందరులో, వెలసిన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీకి కూడా 2026లోనే నూరేళ్లు నిండుతాయి. ఆ చిత్ర కథానాయకుడు కృష్ణ చేతి పిస్తోలు ఒక తరం కుర్రకారును మురిపించగా, ఆ కంపెనీ వారసత్వం సైనికుని తుపాకికి చీకట్లో చూపునిచ్చింది. తెరమీది తుపాకి ఎంతవరకు నిజమో తేల్చుకోవడానికి బందరు చరిత్రను మించిన ఆధారం అక్కరలేదు.

1611లో ఆంగ్లేయులు ఇక్కడ కోఠీ తెరిచిన నాటి నుంచి ఫ్రెంచివారు ఇక్కడి కోటను చేజిక్కించుకొనే దాకా నూటనలభై ఏళ్లలో ఈ రేవులో ఎన్ని తుపాకులు దిగాయో చెప్పలేం. 1759 ఏప్రిల్ 7 రాత్రి మాత్రం కళ్లకు కట్టినట్లు నమోదైంది. ఫ్రెంచివారి కోటను ముట్టడించిన ఆంగ్లేయ సేనాని కల్నల్ ఫోర్డు వద్ద మందుగుండు నిండుకుంటున్నది, ఫ్రెంచివారికి సాయంగా నిజాం సలాబత్ జంగు సేన సమీపిస్తున్నది. అందువల్ల ఆయన ఒక దళాన్ని శత్రువు దృష్టి మళ్లించడానికి నైరుతి దిక్కున బురదలోకి నడిపించి, అసలు దాడిని మరోవైపు సాగించాడు. నాటి తుపాకి చెకుముకి రాయి రాపిడితో నిప్పురవ్వ పుట్టించి మందును అంటించేది; ప్రతి పేల్పు తర్వాత మందూ గుండూ మళ్లీ కూరాలి, తడి తగిలితే పేలదు. అంత చీకట్లో, మోకాలి లోతు బురదలో బాయినెట్టే సైనికునికి దిక్కు. కోటగోడపై మందుగుండు కంటబడగానే ఎవరో ‘మందుపాతర’ అని అరవగా, దాడికి దిగిన ఆంగ్లేయ కెప్టెన్ యార్క్ వెంట ఉన్నవారు పరుగులంకించుకున్నారు; ఢంకా వాయించే కుర్రవాళ్లు ఇద్దరే ఆయన పక్కన నిలిచారు. తెల్లవారేసరికి, దాడిచేసిన వారికంటే ఎక్కువ సేన ఉన్న ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ లొంగిపోయాడు. తుపాకి పేలకపోవచ్చునన్న భయమే ఆ రాత్రికి అంత ఉత్కంఠ తెచ్చింది.

గూఢచారి చిత్రాలు వదిలేసేది సరిగ్గా ఈ భయాన్నే. ఆరు తూటాల రివాల్వరు పదిహేనుసార్లు పేలుతుంది. శబ్దాన్ని తగ్గించే గొట్టమైన సైలెన్సరు బిగిస్తే చిన్న ‘ఫట్’ మాత్రమే వినిపిస్తుంది; నిజానికి అది మోతను కొంత తగ్గిస్తుందే గాని మాయం చేయలేదు, సాధారణ రివాల్వరులోనైతే తూటాల అరకూ తుపాకి గొట్టానికీ నడుమనున్న సందులోంచి శబ్దం ఎలాగూ బయటపడుతుంది.

చీకటి దృశ్యాల సంగతీ అంతే; వాటి నిజం తేల్చడానికీ ఆధారం బందరులోనే ఉంది. ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీని 1983లో రక్షణ పరికరాల సంస్థ భారత్ ఎలక్ట్రానిక్స్ తన పరం చేసుకొంది. భారత్ ఎలక్ట్రానిక్స్ రాత్రిచూపు పరికరాల కర్మాగారం 2025 అక్టోబరులో కృష్ణాజిల్లా నిమ్మలూరులో జాతికి అంకితమైంది. ఈ పరికరం నక్షత్రాల మసక వెలుగును ఎలక్ట్రాన్లుగా మార్చి, వాటిని వేలరెట్లు పెంచి, తెరపై పచ్చటి బొమ్మగా చూపుతుంది. కాసింత వెలుగు కూడా లేనిచోట, పరారుణ దీపం తోడు లేకుంటే అది నిస్సహాయం. గోడల వెనకకు ఎన్నడూ చూడదు. సినిమాల్లో మాత్రం కటిక చీకట్లోనూ, గోడల వెనకకూ చూసేస్తుంది.

ఇకనైనా తెలుగు కథకులు నాయకుని తుపాకిలో తూటాలెన్నో ముందే నిర్ణయించి, ఆ లెక్కకు కట్టుబడి పోరాటాన్ని అల్లాలి.