నలుగురూ కలిసి దిద్దే పత్రం: సాధనం ఎంపికలో చూడవలసినవి

చిక్కబళ్ళాపురం జిల్లాలోని బాగేపల్లి, చింతామణి తాలూకాల పల్లెల్లో చాలా ఇళ్ళలో మాట్లాడేది తెలుగు. బడిలో చదివేదీ, కచేరీకి ఇచ్చే కాగితమూ కన్నడం. యువజన బృందమో, చెరువు సంఘమో, గుడి కమిటీయో ఒక అర్జీ రాయదలచినప్పుడు పత్రం ఈ రెండు భాషల నడుమ నలుగుతుంది. చక్కని కన్నడం రాయగల కుర్రవాడు బెంగళూరులో ఉద్యోగంలో ఉంటాడు, విషయం తెలిసిన పెద్దాయన ఊరిలో ఉంటాడు. తాను సంతకం చేసిన కాగితంలో ఏమున్నదో ఆ పెద్దాయనకే తెలియకపోవడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. దూరదూరాన ఉన్నవారు ఒకే పత్రాన్ని అంతర్జాలంలో దిద్దుకొనే సాధనాలు నేడు ఉచితంగానే లభిస్తున్నాయి. వాటిలో ఒకదానిని ఎంచుకొనేటప్పుడు హంగులకన్నా ముందు చూడవలసినది ఒకటున్నది: ఏ మాటను ఎవరు, ఎప్పుడు మార్చారో అది చూపగలదా?

బాగేపల్లి ప్రాంతాన్ని చాలాకాలంగా పీడిస్తున్న ఫ్లోరైడు నీటినే తీసుకుందాం. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదనీ, వేరే నీటివసతి లేనిచోట 1.5 వరకు సహించవచ్చుననీ భారతీయ ప్రమాణం చెబుతున్నది. పరీక్షలో 2.5 వచ్చిన బోరు నీటిని ఎవరో పొరపాటున 1.5 అని దిద్దితే, ఆ అర్జీకి బలమే పోతుంది. తప్పు ఎక్కడ దొర్లిందో వెనక్కి వెళ్ళి చూసే వీలుంటే నిమిషంలో సరిచేయవచ్చు.

చాలా బృందాలు ఈ పనికి వాట్సాప్‌నే వాడుతున్నాయి. ఒకరు రాసి పంపుతారు, మరొకరు దిద్ది తిరిగి పంపుతారు. మూడు రోజులకు ఏది చివరి ప్రతియో ఎవరికీ తెలియదు. పంపిన సందేశాన్ని దిద్దుకొనే వీలు 2023లో వచ్చినా, దానికి గడువు 15 నిమిషాలే. మాటామంతీకి అది చాలు, పత్రానికి చాలదు.

2006లో మొదలైన గూగుల్ డాక్స్ ఫోనులోనూ పనిచేస్తుంది, పాత ప్రతులను భద్రపరుస్తుంది. అసలు వాక్యాన్ని చెరపకుండా సూచన మాత్రమే చేసే పద్ధతి కూడా అందులో ఉన్నది. పెద్దల మాట పోకుండా కాపాడేది అదే. అయితే లింకు ఉన్న ప్రతివారికీ దిద్దే హక్కు ఇచ్చినప్పుడు, ఖాతా తెరవకుండా వచ్చినవారు అజ్ఞాతలుగానే కనబడతారు. కాబట్టి దిద్దేవారిని పేరుపేరునా చేర్చుకోవడం మేలు. పత్రం ఒక్కరి ఖాతాలో ఉంటుందన్నది కూడా మరువరాదు. ఆ వ్యక్తి బృందాన్ని విడిచి వెళ్ళేముందు యాజమాన్యాన్ని వేరొకరికి బదిలీ చేయించుకోవాలి.

2008లో వచ్చిన ఈథర్‌ప్యాడ్‌కు ఖాతా అక్కరలేదు. ఒక్కొక్కరి రాత ఒక్కొక్క రంగులో కనబడుతుంది. సమావేశంలో గబగబా రాసుకోవడానికి ఇంతకన్నా సులువైనది లేదు. కానీ పేరు ఎవరికి తోచినది వారు పెట్టుకోవచ్చు, లింకు తెలిసినవారెవరైనా లోనికి రావచ్చు. ఆధార్ సంఖ్యలు, రోగుల వివరాలు ఉన్న కాగితానికి అది తగదు.

ఊరి చరిత్ర, గుడి వివరాల వంటి శాశ్వత రచనలకు వికీ పద్ధతి సరిపోతుంది. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో ప్రతి పుటకూ ‘చరిత్ర’ ఉంటుంది, ‘చర్చ’ ఉంటుంది. అందరూ కలిసి మాట్లాడుకొనే చోటును తెలుగువారు రచ్చబండ అన్నారు, కన్నడ వికీపీడియావారు అరళికట్టె అన్నారు. రెండూ మన ఊళ్ళలో ఉన్నవే! అర్జీలకు మాత్రం అక్కడ చోటు లేదు. ప్రచురితమైన ఆధారం ఉన్న సంగతులే అక్కడ నిలుస్తాయి. పాత పుస్తకాలను ఎక్కించే వికీసోర్స్‌లో మరొక కట్టుబాటు ఉన్నది: ఒకరు అచ్చుతప్పులు దిద్దిన పుటను వేరొకరు సరిచూస్తేనే అది ఆమోదం పొందుతుంది. చింతామణి తాలూకా కైవారంలో వెలసిన యోగి నారేయణ తాతయ్య తెలుగు, కన్నడ భాషలు రెంటిలోనూ కీర్తనలు చెప్పారు. అటువంటి రచనలను ఎక్కించదలచినవారికి ఈ రెండు కళ్ళ పద్ధతి ఎంతైనా అవసరం.

ఏ సాధనమైనా అక్షరాల దగ్గర చిక్కు తప్పదు. తెలుగు అచ్చుపనిలో వాడే అను ఖతులు, కన్నడంలో పాత నుడి ఖతులు యూనికోడ్ కావు. అందులో కొట్టించిన అర్జీని అంతర్జాల పత్రంలో అతికిస్తే పిచ్చిగీతలు వస్తాయి. డి.టి.పి. అంగడిలో ముందే ‘యూనికోడ్‌లో ఇవ్వండి’ అని అడగాలి. తెలుగు వికీపీడియాకు ఆద్యుడైన వెన్న నాగార్జునే ఇటువంటి పాత ఖతులను మార్చే ‘పద్మ’ను కూడా రూపొందించారంటే, ఈ చిక్కు ఎంత పాతదో తెలుస్తుంది. మనవారికి ఒక సౌలభ్యం కూడా ఉన్నది. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో తెలుగు ‘క’, కన్నడ ‘క’ ఒకే మీటపై ఉంటాయి. బడిలో కన్నడం కొట్టడం నేర్చిన పిల్లకు తెలుగు కొట్టడం వేరుగా నేర్పనక్కరలేదు.

ఒకే పత్రంలో కన్నడ పేరా కింద దాని తెలుగు పేరా ఉంచితే, ఒకటి మారినప్పుడు రెండవది మారిందో లేదో వెంటనే తెలుస్తుంది. అందరూ ఒప్పుకున్న పిదప దిద్దే హక్కును తీసివేసి, చదివే హక్కు మాత్రమే ఉంచాలి. ఆ తెలుగు పాఠాన్ని పెద్దలకు చదివి వినిపించి, ఆ తరువాతనే కన్నడ ప్రతిని అచ్చుతీసి సంతకాలకు పంపాలి.