కోనసముద్రపు ఉక్కు

అడవికైనను, చేపలవేటకైనను వెంట గొనిపోవు కత్తికి పదును నిలువవలెను, అది విరుగరాదు. మెత్తని ఇనుము పదును నిలుపదు. పోత ఇనుము పెళుసై పగులును. నడిమి వస్తువు ఉక్కు.

నిజామాబాదు జిల్లా కోనసముద్రపు కమ్మరులు దానిని మూసలలో కరగించెడివారు. పూర్వపు కరీంనగర్ జిల్లా మెట్‌పల్లి వైపు నుండి ఇనుము వచ్చెడిది; పూర్వపు ఆదిలాబాదు జిల్లా దిమ్మదుర్తిలోను ఇనుము తీయుచుండిరి. పారశీక వర్తకులు వచ్చి ఉక్కు ముద్దలు కొనుచుండిరి. ఈ పనిని చూచి వ్రాసిన భూగర్భశాస్త్రజ్ఞుడు హెన్రీ వాయ్సీ 1824లో మరణించెను. ఆ వర్ణన 1832లో కలకత్తాలో అచ్చయినది.

మూసలో ఇనుమునకు నూటికి 1 నుండి 2 వంతుల కర్బనము పట్టును. మెల్లగా చల్లారి, కమ్మరి సుత్తిదెబ్బలు తినగా ఇనుప కార్బైడు సన్నని చారలై నిలుచును. చారల వలన గట్టిదనము, నడిమి ఇనుము వలన సాగుడుతనము కలుగును.

1819లో ఫారడే భారతదేశపు ఉక్కును పరీక్షించి, దాని గుణమునకు అల్యూమినా, సిలికాలు కారణమని తలచెను. ముఖ్యకారణము కర్బనమే. ఆ పాలు ఎంత ఉండవలెనో కమ్మరి అనుభవము ముందే నేర్పియుండెను.