ఒక బొమ్మ కొన్నాను, ఒక పుస్తకం చిరిగింది

కువైట్‌లో ఉంటున్న మనలో ఒక్కొక్కరిదీ ఒక్కో సరదా. ఆఫీసులో రోజంతా కంప్యూటర్‌తో కుస్తీ పట్టే నాకు పాత లితోగ్రాఫులు పోగుచేయడం సరదా.

లితోగ్రాఫు అంటే రాతి అచ్చు. నున్నటి సున్నపురాతి మీద జిడ్డు క్రేయానుతో బొమ్మ గీస్తారు. రాతిని తడిపి సిరా పూస్తే, తడి ఉన్నచోట సిరా అంటదు, జిడ్డు గీతకే అంటుకుంటుంది. 1790ల చివర్లో జర్మనీలో అలోయిస్ సెనెఫెల్డర్ కనిపెట్టిన పద్ధతి ఇది.

కెమెరాలు లేని ఆ కాలంలో కోటనీ కొండదారినీ గీసి చూపించడం సైనికాధికారికి అవసరమైన విద్య. ఈస్టిండియా కంపెనీ 1809లో ఇంగ్లండులో పెట్టిన ఆడిస్కాంబ్ సైనిక పాఠశాలలో బొమ్మలు గీయడం కూడా నేర్పేవారు.

మన వైపు ఇలా బొమ్మలు గీసిన సైనికుల్లో ఫిలిప్ మెడోస్ టేలర్ ఒకరు. 1824లో, పదహారేళ్ళ వయసులో, నిజాం సైన్యంలో చేరారు. 'కన్ఫెషన్స్ ఆఫ్ ఎ థగ్' నవల (1839) రాసింది ఈయనే. అంతకు రెండేళ్ళ ముందు, 1837లో, ఆయన బొమ్మలు 'స్కెచెస్ ఇన్ ది దక్కన్' పేరుతో లండన్‌లో లితోగ్రాఫులుగా వచ్చాయి. రాతి మీద గీసినవారు మాత్రం వెల్డ్ టేలర్, ఎడ్వర్డ్ మోర్టన్. అంటే మనం చూసేది సైనికుడు చూసిన దృశ్యమే కానీ, గీత మరొకరిది. ఇలాంటి బొమ్మను నమ్మేముందు ఇది గుర్తుంచుకోవాలి.

ఇక నా తప్పు చెబుతాను. కొన్నేళ్ళ కిందట ఇలాంటి ఒక సైనికుడి పుస్తకంలోని విడి బొమ్మ కొన్నాను. ఇంటికొచ్చాక చూస్తే ఒక అంచు బ్లేడుతో కోసినట్టుంది. విడివిడిగా అమ్మితే లాభమని పుస్తకాన్ని కోసేశారు. బొమ్మలో గుర్రం కళ్ళెం పట్టుకుని ఒక సిపాయి నిలబడ్డాడు. అతనెవరో, ఏ ఊరో చెప్పే పేజీ ఎక్కడికి పోయిందో! పేరు లేని మనిషిని గోడకు తగిలించుకున్నాను.

పోగుచేసినవి చెల్లాచెదురైతే ఎలా ఉంటుందో కువైట్‌కు బాగా తెలుసు. 1990 ఆక్రమణలో ఇక్కడి జాతీయ మ్యూజియంలోని అపురూప వస్తువులు ఇరాక్‌కు తరలిపోయాయి. యుద్ధం ముగిశాక చాలావరకు తిరిగొచ్చాయి. కోసేసిన పుస్తకం మాత్రం మళ్ళీ అతుక్కోదు.

అందుకే నా మనవి. విడి కాగితం కొనేముందు అంచు చూడండి, ఎక్కడిదని అడగండి. లైబ్రరీలు ఉచితంగా పెట్టిన స్కానులతో పిల్లలకు పూర్తి పుస్తకాన్నే చూపించండి. కొనకపోవడం కూడా ఒక్కోసారి పుస్తకాన్ని కాపాడటమే. సెలవు.