నవజాత శిశువుల తీవ్ర చికిత్స: నిర్ణయాల వేళ తల్లిదండ్రుల అనుభవం

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకో, పుట్టుకతోనే పెద్ద లోపం ఉన్న బిడ్డకో, కాన్పు వేళ ఊపిరాడక మెదడు దెబ్బతిన్న బిడ్డకో వైద్యం మొదలుపెట్టాలా, ఎంతవరకు నడపాలి, ఎక్కడ ఆపాలి అన్న ప్రశ్నలు తల్లిదండ్రుల ముందుకు వచ్చినప్పుడు వారు పడే అనుభవం వైద్యనీతిలో ఒక ప్రత్యేక అధ్యయన విషయం. ఇక్కడ రోగి నోరు విప్పి చెప్పలేడు. అతని మనసెరగడానికి గడిచిన జీవితమూ లేదు. మంచాన పడిన పెద్దాయన గురించి ‘ఆయనైతే ఈ గొట్టాలు వద్దనేవారు’ అనగలిగిన కుటుంబం, పుట్టి రెండు గంటలైన పసిగుడ్డు గురించి ఆ మాట అనలేదు.

ఈ ప్రశ్న పాతదేమీ కాదు. యంత్రాలు వచ్చాకే పుట్టింది. 1963 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు కెనెడీ కొడుకు ప్యాట్రిక్ ఐదున్నర వారాలు ముందుగా పుట్టి, ఊపిరితిత్తుల జబ్బుతో రెండు రోజులకే చనిపోయాడు. దేశాధ్యక్షుడి బిడ్డకైనా అప్పట్లో చేయగలిగింది కొంతే గనుక నిర్ణయించడానికీ పెద్దగా ఏమీ లేకపోయింది. తర్వాత పసిపిల్లలకు సరిపడే వెంటిలేటర్లు వచ్చాయి. 1980లో జపాన్ వైద్యుడు ఫుజివారా బృందం ఊపిరితిత్తుల్లోకి సర్ఫాక్టెంట్ మందు పంపి ఫలితం చూపింది. ప్యాట్రిక్ అంతటి బిడ్డ నేడు బతకడం మామూలు విషయం. చిక్కంతా ఇప్పుడు 22 నుంచి 25 వారాల మధ్య పుట్టేవారితో. బ్రిటన్‌లో నఫీల్డ్ బయోఎథిక్స్ మండలి 2006 నివేదికలో 23 వారాలు దాటి 24 నిండని బిడ్డల విషయంలో తల్లిదండ్రుల మాటకే ప్రాధాన్యం ఇవ్వాలని సూచించింది.

తల్లిదండ్రుల గొంతు మొదట గట్టిగా వినిపించినది అమెరికాలోని స్టిన్సన్ దంపతుల డైరీలతో. 1976 డిసెంబరులో పెగీ స్టిన్సన్‌కు ఇరవై నాలుగున్నర వారాలకే కొడుకు పుట్టాడు. బరువు సుమారు 800 గ్రాములు. అసాధారణ ప్రయత్నాలేవీ వద్దని భార్యాభర్తలు ముందే చెప్పారు. అయినా పెద్ద ఆస్పత్రికి తరలించాక వారి సమ్మతి లేకుండానే వెంటిలేటర్ పెట్టారు. బాబు 1977 జూన్‌లో పోయాడు. ఆ ఆరు నెలలూ పెగీ, రాబర్ట్ ఎవరి డైరీ వారు రాసుకున్నారు. వాటిలోంచే 1979లో ‘అట్లాంటిక్ మంత్లీ’లో వ్యాసం, 1983లో ‘ది లాంగ్ డైయింగ్ ఆఫ్ బేబీ ఆండ్రూ’ పుస్తకం వచ్చాయి. లక్ష డాలర్లు దాటిన ఆస్పత్రి బిల్లు కంటే పాఠకుణ్ణి ఎక్కువ కలవరపెట్టేది మరొకటి ఉంది: బిడ్డ బాగోగులు అడగబోయిన తల్లిని అడ్డొచ్చిన మనిషిలా చూడటం. కోపం నిండిన పుస్తకమే, ఒక పక్షం మాటే. కానీ వార్డు లోపల అమ్మానాన్నలు ఎక్కడ నిలబడతారో అంత దగ్గరగా చూపిన రచనలు తక్కువ.

చట్టం ఒక దారిన నడవలేదు. 1982లో ఇండియానా రాష్ట్రంలో డౌన్ సిండ్రోమ్‌తో, అన్నవాహిక మూసుకుపోయి పుట్టిన ఒక బిడ్డకు శస్త్రచికిత్స వద్దన్నారు తల్లిదండ్రులు. కోర్టులు వారి నిర్ణయాన్ని మార్చలేదు. ఆరు రోజులకు బిడ్డ పోయాడు. దేశమంతా గొడవై, అంగవైకల్యం పేరుతో వైద్యం నిరాకరించడాన్ని పసిపిల్లల పట్ల నిర్లక్ష్యంగా పరిగణించే చట్టం 1984లో వచ్చింది. ఇందుకు ఎదురు కొసన మిల్లర్ కేసు నిలుస్తుంది. 1990లో హ్యూస్టన్‌లో 23 వారాలకు పుట్టబోయే పాపకు కృత్రిమ శ్వాస వద్దని తల్లిదండ్రులు కోరినా వైద్యులు బతికించారు. తీవ్రమైన వైకల్యాలు మిగిలాయి. జ్యూరీ కోట్ల డాలర్ల పరిహారం ఇమ్మంది. 2003లో టెక్సాస్ సుప్రీంకోర్టు, అత్యవసర క్షణంలో వైద్యుడు సమ్మతి కోసం ఆగనక్కర్లేదంటూ ఆస్పత్రి వైపు తీర్పిచ్చింది.

ఈ కేసులు చదివితే, నిర్ణయం తల్లిదండ్రుల చేతిలో పెడితే సమస్య తీరుతుందనిపిస్తుంది. అలా అనుకోవడం తొందరపాటని తేల్చింది సామాజిక శాస్త్రవేత్త క్రిస్టినా ఒర్ఫాలీ ఫ్రాన్స్, అమెరికాల వార్డుల్లో చేసిన పరిశోధన. ఫ్రాన్స్‌లో అప్పటి ఆనవాయితీ ప్రకారం వైద్యబృందమే కూర్చుని చర్చించి, వెంటిలేటర్ తీసేయాలని నిశ్చయించి, తర్వాత తల్లిదండ్రులకు చెప్పేది. వాళ్ళు గట్టిగా కాదంటే తప్ప అదే జరిగేది. ఆ నిర్ణయం తాలూకు అపరాధభావం తల్లి మెడకు చుట్టుకోకూడదన్నది వారి వాదన. అమెరికాలో తల్లిదండ్రులు సరేనంటేనే ఆపుతారు. 2004లో ఎలిసా గోర్డన్‌తో కలిసి ఒర్ఫాలీ ప్రచురించిన వ్యాసం ప్రకారం, బిడ్డను పోగొట్టుకున్న దుఃఖాన్ని తట్టుకోవడంలో ఫ్రెంచి తల్లిదండ్రులే మెరుగు. వైద్యులు ‘ఇలా కావచ్చు, కాకపోవచ్చు’ అనక ఖాయంగా చెప్పడం, సిబ్బంది పక్కన కూర్చుని ఊరడించడం అందుకు కారణాలుగా కనిపించాయి. అమెరికా తల్లిదండ్రులకు హక్కు దక్కింది, తోడు దక్కలేదు.

2009లో సిమోనా బొట్టి, షీనా అయ్యంగార్‌లతో కలిసి ఒర్ఫాలీ చేసిన అధ్యయనం ఇంకో మడత విప్పింది. నిర్ణయం తామే తీసుకున్నామన్న భావన బాధను పెంచుతుంది. పోనీ వైద్యులే తేల్చేసి ఉంటే బాగుండేదా అని అడిగితే మాత్రం అమెరికా తల్లిదండ్రులు వద్దన్నారు. బరువు మోయలేరు, దించుకోనూ లేరు. ఫ్రాన్స్‌లోనూ 2002, 2005 చట్టాల తర్వాత రోగుల హక్కులకు, కుటుంబం మాటకు చోటు పెరిగింది గనుక ఒర్ఫాలీ చూసిన వార్డు నేటి వార్డు కాదు.

భారతదేశంలో నవజాత శిశువుల విషయమై విడిగా చట్టం లేదు. ప్రాణాధార చికిత్స ఆపడంపై సుప్రీంకోర్టు 2018లో ఇచ్చి 2023లో సడలించిన తీర్పు ప్రధానంగా పెద్దవారు ముందే రాసుకునే ‘లివింగ్ విల్’ పత్రాలను దృష్టిలో ఉంచుకున్నది. తెలుగు నేలపై ప్రభుత్వ నవజాత శిశు కేంద్రాల్లో ఖర్చు ఉండదు. ప్రైవేటులో వెంటిలేటర్ మీద గడిచే ప్రతి రోజూ ఒక లెక్క. అందువల్ల ఇక్కడ చాలా ఇళ్ళలో నీతి ప్రశ్న డబ్బు ప్రశ్న రూపంలోనే ఎదురవుతుంది. ‘బాబును బాక్సులో పెట్టారు’ అన్న వార్త ఊరు చేరేసరికి తల్లి ఇంకా ఆపరేషన్ కుట్లతో వేరే వార్డులోనో, వేరే ఊరి ఆస్పత్రిలోనో ఉంటుంది. మాట్లాడేది తండ్రి, తాత, మేనమామ. బిడ్డ సంగతి ఆమెకు సగమే చెబుతారు, పచ్చి బాలింత అని. వైద్యుడు శాతాలు చెబితే ‘మీ బిడ్డయితే ఏం చేస్తారు సార్, అది చెప్పండి’ అని అడగడం మామూలు. స్వేచ్ఛ వదులుకోవడం కాదది, బరువులో సగం పట్టమనడం. ఆడపిల్లలు ఈ కేంద్రాలకు తక్కువగా చేరడం దేశంలో చాలాచోట్ల నమోదైన విషయం. అంటే కొన్ని నిర్ణయాలు ఆస్పత్రి గడప ఎక్కకముందే అయిపోతున్నాయి.

వైద్యుల సలహాకు విరుద్ధంగా తీసుకెళ్తున్నామని రాసిచ్చి బిడ్డను ఇంటికి తెచ్చుకోవడం ఇక్కడ తరచు కనిపించే ముగింపు. వెంటిలేటర్ ఆపడం గురించి ఎవరూ నేరుగా మాట్లాడని చోట ఆ పనంతా ఆ కాగితమే చేస్తుంది. పదకొండో రోజో ఇరవై ఒకటో రోజో బారసాల జరిగేదాకా బిడ్డకు పేరుండదు గనుక అందులో ‘బేబీ ఆఫ్’ అని తల్లి పేరు రాస్తారు. కింద సంతకం చాలాసార్లు మరొకరిది.