పాతపుస్తకముల వేలము – ఎచ్చరిక



"వేలము" అనుమాట పుట్టుకచేత తెలుగుమాట కాదు. పడమటి తీరమున దిగిన పోర్చుగీసు వర్తకులు సరకును పదిమందిలో పాటపెట్టి అమ్ముటను "లైలావ్" అనెడివారు. అదియే ఉరుదూ హిందీలలో "నీలాం" అయినది, తమిళమున "ఏలం" అయినది, మనకు "వేలం" అయినది. "ఎచ్చరిక" మాత్రము దక్షిణదేశపు పాతమాట. నేడు హెచ్చరిక యనగానే ప్రమాదము తోచును గాని, పూర్వము దేవుని ఊరేగింపులోను, రాజు కొలువునకు విచ్చేయునపుడును ముందుగా పలికెడి పలుకు హెచ్చరిక. వచ్చుచున్నాడు, సావధానులు కండని దాని భావము. అంతర్జాలమున "అలర్టు" అనుదానికి ఇంతకంటె తగిన తెలుగుమాట నాకు కనబడలేదు. అదియును రాకను తెలుపునదే గదా! ఏ లండనులోనో ఏ ఎడింబరోలోనో మనము కోరిన పుస్తకము వేలమునకు రానున్నదని మన జాబుల పెట్టెకు ముందుగా కబురు పంపును.

పాతపుస్తకములపై మక్కువగల మిత్రులు కొందరు ఇట్టి ఎచ్చరికలను ఏర్పరచుకొనియు, నెలల తరబడి ఏమియు రాలేదని నిరాశపడుట చూచుచున్నాను. యంత్రమునకు మనమిచ్చిన పేరు తప్ప మరేమియు తెలియదు. మన పుస్తకములు పరదేశపు పట్టికలలో ఏ పేర్లతో దాగియున్నవో ఎరిగినవానికే అది పనికివచ్చును. ఆ పేర్లకొక చరిత్ర కలదు. దానిని చెప్పుటకు ముందు, ఈ యంత్రములు లేనినాడు కబురు ఎట్లు చేరెడిదో కొంత చూతము.

మా పాతబస్తీలోనే దీనికి గొప్ప ఉదాహరణము కలదు. మూడవ సాలార్ జంగు, మీర్ యూసుఫ్ అలీఖాన్, 1889లో జన్మించెను. 1912లో నిజాము దివానై, 1914లోనే ఆ పదవిని వదలుకొనెను. అటుపిమ్మట 1949లో మరణించువరకు, సుమారు ముప్పదియైదేండ్లు, ఆయన జీవితమంతయు సేకరణమే. దివాన్ దేవిడీకి దేశవిదేశముల వర్తకులు వచ్చెడివారు, రాలేనివారు జాబులు వ్రాసెడివారు. ఐరోపాలోని అంగళ్ళ పట్టికలు ఓడలమీద వచ్చి చేరెడివి. ఈ నవాబునకు ఏది ప్రీతియో వర్తకునకు తెలియును, కనుక అట్టి వస్తువు చిక్కినపుడు మొదటి కబురు హైదరాబాదునకే. అనగా నాటి ఎచ్చరిక మనుష్యులతో నడిచినది, కొనువాని మనస్సు అమ్మువానికి తెలియుటయే దాని ఆధారము.

ఆయనకు వారసులు లేరు. సేకరణమును 1951 డిసెంబరు 16న నెహ్రూగారు దివాన్ దేవిడీలోనే ప్రదర్శనశాలగా ప్రారంభించిరి. 1961లో పార్లమెంటు దానిని జాతీయ ప్రాముఖ్యముగల సంస్థగా ప్రకటించినది. 1968లో మూసీ ఒడ్డున దారుల్ షిఫా దగ్గరి నేటి భవనమునకు తరలినది. చూడవచ్చినవారు గంటల గడియారము దగ్గర గుమిగూడుదురు, ముసుగు రెబెక్కాను చూచి మురిసిపోవుదురు. గ్రంథాలయమును తలచువారు తక్కువ. అందు ఎనిమిదివేలకు పైగా వ్రాతప్రతులు, అరువదివేలకు పైగా అచ్చుపుస్తకములు గలవు. మొగలు రాకుమారి జహానారా బేగము స్వహస్తముతో చేవ్రాలుంచిన వ్రాతప్రతియు వానిలో నొకటి. చెదరిపోవలసిన పుస్తకములు ఒక్కచోట నిలిచినవనిన, ఒకానొకని దగ్గరకు కబురు వేళకు చేరినందువలననే.

సాలార్ జంగునకు ధనము కలదు, కబురు దానంతట వచ్చినది. మన సి. పి. బ్రౌను దొరగారి దారి వేరు. 1824లో మచిలీపట్టణమున వేమన పద్యములపై ఆయన దృష్టి పడినది. అప్పటినుండి ఊరూరికి మనుష్యులను పంపి తాటాకుప్రతులను తెప్పించెను, పండితులకు జీతములిచ్చి పాఠములను సరిపోల్పించెను, వ్రాయసగాండ్రచేత శుద్ధప్రతులు వ్రాయించెను. సెలవుపై లండనులో ఉన్న కాలమున, 1835–38 నడుమ, ఇండియా హౌసు గ్రంథాలయములో దక్షిణదేశపు వ్రాతప్రతులు పట్టించుకొనువారు లేక పడియుండుట ఆయన కంటబడినది. అవి 1811లో జావాలో మరణించిన లేడెన్ పండితుడు కూర్చినవి. వానిని మదరాసునకు తిరిగి రప్పించినవాడు బ్రౌనే. ఆ గ్రంథాలయమునకు అంతకుముందును ఎందరో వచ్చిపోయియుందురు. వారికి అది లిపి తెలియని ఆకుల కుప్ప. ఆయన వానిని చదువగలిగెను, కనుకనే వాని విలువ నెరిగెను. ఈ సంగతిని మరువవలదని మనవి, మరల దీనితో పని పడును.

ఇక వేలము సంగతి. లండనులోని సదబీ వేలశాల 1744లో మొట్టమొదట అమ్మినది చిత్రపటములను కాదు, పుస్తకములనే. నాటినుండి నేటివరకు పద్ధతి ఒక్కటే. ముందు పట్టిక అచ్చగును, అందు ఒక్కొక్క వస్తువునకు రెండుమూడు పంక్తుల వర్ణన ఉండును, పిదప నిర్ణీతదినమున పాట జరుగును. పట్టిక చేతికి అందినవాడే పాటకు పోగలడు. అంతర్జాలము వచ్చి ఈ పట్టికను అందరి ముంగిట పరచినది. 1995లో ఈబే, ఆ మరుసటి యేడు ఏబ్ బుక్స్ వెలువడినవి. 2003లో గూగులు తన అలర్టులను ప్రారంభించినది. కావలసిన మాటను ఒకసారి దాచియుంచిన, ఆ మాటగల క్రొత్త ప్రకటన పడినప్పుడు మనకు జాబు వచ్చును. పెద్ద వేలశాలలలోను, పలువురి వేలములను ఒక్కచోట చూపు తావులలోను ఈ సౌకర్యము కలదు.

ఇందు కీలకము "ఆ మాటగల" అనునది. ఏ మాట?

"తెలుగు" అని ఆంగ్లాక్షరములలో నేటి వర్ణక్రమముతో వ్రాసి ఊరకున్నచో పందొమ్మిదవ శతాబ్దపు పుస్తకములలో సగము తప్పిపోవును. 1746లో జర్మనీలోని హాలే నగరమున బెంజమిన్ షుల్జ్ తెలుగు లిపిలో అచ్చొత్తించిన క్రైస్తవ ప్రశ్నోత్తరి లాటిన్ పేరులో మన భాష "తెలుగికుస్" అయినది. 1814లో శ్రీరామపురమున విలియం కేరీ ప్రకటించిన వ్యాకరణములో అది "తెలింగ". 1816లో కేంబెలు దొర వ్యాకరణములోను, 1821 నాటి ఆయన నిఘంటువులోను అది "తెలూగూ", ఆంగ్లమున ఓకారములు జంటజంటగా రెండుచోట్ల. 1835లో మారిస్ దొర నిఘంటువునకును ఇదే వర్ణక్రమము. 1817 ప్రాంతమున విలియం బ్రౌను వ్యాకరణములో అది "జెంటూ". ఈ బ్రౌను వేరు, మన బ్రౌను వేరు. 1840లో మన బ్రౌను వ్యాకరణము వచ్చునప్పటికి నేటి వర్ణక్రమము కుదురుకొన్నది.

వీనిలో జెంటూ విచిత్రమైనది. అదియు పోర్చుగీసువారి చలవయే. క్రైస్తవులు గాని మహమ్మదీయులు గాని కానివారిని వారు "జెంతియో" అనిరి. మదరాసులోని ఆంగ్లేయులు ఆ మాటను తమ చుట్టునున్న తెలుగువారికి అంటగట్టిరి. బంగాళమున అదే మాటకు హిందువులందరు అని అర్థము. 1776లో హాల్ హెడ్ ప్రకటించిన "జెంటూ చట్టముల సంగ్రహము" హిందూ ధర్మశాస్త్రమే కాని తెలుగువారి చట్టము కాదు. కావున జెంటూ అను ఎచ్చరిక పెట్టినవానికి హాల్ హెడ్ పుస్తకము పదేపదే వచ్చును. "చట్టములు" అను మాటగల ఫలితములను వదలివేయుమని ఋణచిహ్నముతో చెప్పిన ఆ బెడద తగ్గును. చూచితిరా, రెండక్షరముల చిట్కా వెనుక మూడు వందలేండ్ల చరిత్ర కలదు!

హైదరాబాదు పుస్తకముల విషయమునను ఇంతే. ఊరిపేరును పాత పట్టికలలో మూడు నాలుగు విధముల వ్రాసిరి. "దక్కను" అను మాట చేర్చకున్న సింధుదేశపు హైదరాబాదు వచ్చి కలియును. తేదీలు ఇంకను చిక్కైనవి. 1888లో స్థాపితమైన దాయిరతుల్ మారిఫ్ వారి అరబ్బీ గ్రంథములు, ఉస్మానియా విశ్వవిద్యాలయపు అనువాదశాల ఉరుదూ పాఠ్యగ్రంథములు విదేశపు వేలములలో తరచు కనబడును. ఉరుదూ ముఖపత్రముపై 1350 అని యున్నదనుకొనుడు. అది హిజ్రీ అయినచో 1931–32. నిజాము ప్రభుత్వము వాడిన ఫసలీ అయినచో, 590 కలుపగా, 1940–41. ఈ భేదమెరుగని వర్ణనకర్త ఏదో ఒకటి వ్రాసి ఊరకుండును. తెలుగు పుస్తకములకు ప్రభవాది సంవత్సరముల పేర్లు కలవు. "విరోధి" యని మాత్రమే యున్న 1889 కావచ్చును, 1949 కావచ్చును. కాగితమును, అచ్చును, వెలను చూచి నిర్ణయింపవలయును. కనుక ఎచ్చరికలో సంవత్సరమును బిగించి పెట్టవలదు.

మరికొన్ని సంగతులు క్లుప్తముగా. బ్రౌను నిఘంటువని వచ్చు జాబులలో అధికభాగము పునర్ముద్రణములవి, అడిగినపుడు అచ్చొత్తి యిచ్చు నకళ్ళవి. ప్రకటనలో 1852 అని యున్నను పుస్తకము నిరుటిది కావచ్చును. ముఖపత్రపు ఛాయాచిత్రము, వెనుకపుట ఛాయాచిత్రము అడుగక పాటకు పోరాదు. సుత్తి పడిన వెలయే తుది వెల కాదు. వేలశాల రుసుము ఐదవ వంతునుండి నాలుగవ వంతు వరకు, ఒక్కొక్కచోట అంతకు మించి యుండును. తపాలా ఖర్చు వేరు. ఇక వ్రాతప్రతులను గూర్చి 1972 నాటి పురావస్తు చట్టము కలదు. శాస్త్ర, చరిత్ర, సాహిత్య విలువగలిగి డెబ్బదియైదేండ్లు దాటిన వ్రాతప్రతి పురావస్తువే. దానిని అనుమతి లేక దేశము దాటించుట నేరము.

ఇంతవరకు చెప్పినది పేరున్న పుస్తకముల మాట. నన్ను కలచునది పేరులేనివాని సంగతి.

విదేశపు వేలశాలలో తెలుగు పుస్తకమునకు తెలుగక్షరములలో పేరు వ్రాయువాడు దాదాపు ఉండడు. "దక్షిణదేశపు భాషలో ఏదో గ్రంథము, అట్ట సడలినది" అని వ్రాసి పదింటితో కలిపి ఒక కట్టగా అమ్మివేయుదురు. ఏ ఎచ్చరికయు దానిని పట్టలేదు. అంత దూరమేల? పాతబస్తీలో ఇల్లు పంచుకొన్నప్పుడు, పెద్దలు గతించినప్పుడు, పెట్టెలలోని పుస్తకములు రద్దీవాని తక్కెడకెక్కును. కొన్ని ఆబిడ్సు కాలిబాటలపై ఆదివారపు సంతకు చేరును, తక్కినవి పొట్లములగును. ఒక రద్దీ దుకాణదారుని "ఇందులో ఏమున్నవో చూచుచుందువా?" అని యడిగితిని. "మాస్టర్ సాబ్, నాకు ఉర్దూ వస్తది, తెలుగు రాదు. తూకానికి వచ్చింది, తూకానికే పోతది" అనెను. ఆ మాటలో కపటము లేదు. ఇండియా హౌసు ఆకుల కుప్ప మరల నా కన్నుల ముందు నిలిచినది.

1934లో సురవరం ప్రతాపరెడ్డిగారు "గోలకొండ కవుల సంచిక"ను ప్రకటించిరి. తెలంగాణమున కవులే లేరన్న మాటకు ఆయన వాదముతో బదులు చెప్పలేదు, 354 మంది కవుల పేర్లతోను పద్యములతోను చెప్పెను. పేరు వ్రాసియుంచుట ఎంతటి పనియో దానివలన తెలియును. డిజిటల్ లైబ్రరీ వారు వేలకొలది తెలుగు పుస్తకములను ఛాయాప్రతులు తీసిరి. ఆంగ్లాక్షరములలో పేర్లను తప్పులతడకగా నమోదు చేయుటచేత అందు ఎన్నో గ్రంథములు ఉండియు లేనట్లే అయినవి. ఆ ప్రతులు పెక్కు నేడు ఇంటర్నెట్ ఆర్కైవులో అట్టి పేర్లతోనే యున్నవి.

కావున నా మనవి ఒక్కటే. ఎచ్చరికలు పెట్టుకొనుడు, పాటకు పోవుడు, చిక్కినచో సంతోషింపుడు. దానితోపాటు మీ ఇంటనున్న పాతపుస్తకములను ఒక్కొక్కటి తెరచి, పేరు, కర్త, ముద్రణశాల, ఊరు, సంవత్సరము యూనికోడు తెలుగులో ఉన్నదున్నట్లు వ్రాసి అంతర్జాలమున ఉంచుడు. ముఖపత్రము చినిగిపోయిన మొదటి పద్యము తొలిపాదమైనను వ్రాయుడు. పదిపుస్తకములకు ఒక సాయంకాలము చాలును. రేపు ఏ తావుననో ఒకడు అదే పుస్తకమునకై ఎచ్చరిక పెట్టుకొని కాచియుండును. వానికి కబురు మీ యింటినుండి పోవును.