పంక్తి నడుమ గణితసంజ్ఞలు

కేంబ్రిడ్జిలో గణితాచార్యుడైన ఆర్థరు కేలీ యొకమారు జార్జి స్టోక్సునకు వ్రాసిన లేఖలో, అచ్చుపనివారియెడ క్రూరత్వమును నివారించు సంఘ మొకటి యున్నచో దాని యధ్యక్షపదవికి స్టోక్సు మిగుల నర్హుడని చమత్కరించెను. స్టోక్సు చేసిన యుపకారము చూపునకు స్వల్పము. 1880లో తన గణిత భౌతికశాస్త్ర వ్యాసముల మొదటి సంపుటమును ప్రకటించుచు, వాక్యము నడుమ భిన్నము వచ్చినచోట లవహారముల మధ్య అడ్డగీతకు మారుగా ఏటవాలు గీతను వాడెను. డి మోర్గాను దీనిని అంతకుముందే సూచించియుండెను. వ్యాప్తికి తెచ్చినవాడు స్టోక్సు.

ఇందు క్రూరత్వ మేమున్నదని చదువరులు శంకింపవచ్చును. సీసపు టచ్చులు కూర్చు కంపోజిటరునకు పంక్తి యనగా ఒకే యెత్తుగల దిమ్మెల వరుస. వేరు పంక్తిలో నిలిపిన సమీకరణమునకు చోటు కావలసినంత యుండును. వాక్యము నడుమనే లవమును పైన, హారమును క్రింద, వాని మధ్య సన్నని గీతను ఉంచవలెనన్న, చిన్న యచ్చులను చేతితో నమర్చి, పై పంక్తిని క్రింది పంక్తిని ఎడముచేసి, ఖాళీలను సీసపు బద్దలతో నింపవలెను. ఇంత చేసినను పుట మిట్టపల్లములుగా కనబడును. ఏటవాలు గీతతో భిన్నము మాటల యెత్తుననే యొదిగిపోయినది.

నిజమునకు గణితము చిరకాలము మాటలలోనే నడచినది. సమచిహ్నమును రాబర్టు రికార్డు 1557లో తన బీజగణిత గ్రంథమున నచ్చొత్తించెను. ‘సమానము’ అని మాటిమాటికి వ్రాయుట విసుగై, రెండు సమాంతరరేఖలకంటె సమానమైన వస్తువులు వేరులేవని తలచి వానినే గుర్తుగా గైకొనెను. మరుసటి యేట నాతడు చెరసాలలో మరణించెను. ఆ గుర్తు మరల అచ్చులో కనబడుటకు 1618 వరకు పట్టినది. 1637లో డేకార్తు తన రేఖాగణితమున దానిని కాక వేరొక గుర్తును వాడెను. పుస్తకము మారిన గుర్తు మారుచుండెను.

ఈ గందరగోళమును గుర్తించినవారిలో లైబ్నిట్సు ముఖ్యుడు. గుణకారమునకు వాడు × గుర్తు ఎక్స్ అక్షరమువలె నుండి భ్రమ కలిగించునని 1698లో యోహాన్ బెర్నూలీకి వ్రాసి, చుక్కను మేలెంచెను. 1708లో లైప్జిగునందలి ‘ఆక్టా ఎరుడిటోరుం’ అను పత్రిక, ఇకమీద లైబ్నిట్సు గుర్తులనే వాడుదుమనియు, రాశులపై గీయు గీతలకు బదులు కుండలీకరణముల నుంతుమనియు ప్రకటించెను. అచ్చునకు సులువు, అర్థమునకు స్పష్టత యని దాని యుద్దేశము. ఒక పత్రిక తన పుటలన్నిటికి ఒకే నియమమును విధించుకొనుట సామాన్యము కాదు. నా దృష్టిలో ఆ చిన్న ప్రకటన కొన్ని సిద్ధాంతములకంటె నెక్కువ మేలు చేసినది.

రాశుల నక్షరములను వాలుగా నచ్చొత్తుటయు నిట్టి నియమమే. ఇంగ్లీషు వాక్యమున ‘ఎ’ అనునది మాటయు కావచ్చును, రాశియు కావచ్చును. వాలు అక్షరమే రెంటికిని భేదము. 1977లో అమెరికాలో డోనాల్డు క్నూతు తన గ్రంథపు రెండవ సంపుటము నూతన ముద్రణకు వచ్చిన అచ్చుచిత్తులను చూచి, సీసపు టచ్చు పోయి ఛాయాపద్ధతి వచ్చుటతో గణితపు టందము చెడినదని వగచి, ‘టెక్’ అను కంప్యూటరు కూర్పును తానే నిర్మింప బూనెను. అందు వాక్యము నడుమ ఒంటి యక్షరమైనను, గణితమైనచో దాని కిరుప్రక్కల డాలరు గుర్తు నుంచవలెను. ఆ గుర్తుల వెలుపల మాటలను కలుపు చిన్నగీతయే, లోపల ఋణచిహ్న మగును. డాలరే యేల యనిన, గణితము కూర్చుట ఖరీదైన పని యని యాయన పరిహాసము.

మనవైపు చూతము. భాస్కరాచార్యుని బీజగణితమున అవ్యక్తరాశులకు యావత్తావత్తు, కాలకము, నీలకము అను పేళ్ల మొదటి యక్షరములు యా, కా, నీ గుర్తులైనవి, ఋణరాశిపై చుక్క. పదునొకండవ శతాబ్దిన పావులూరి మల్లన గణితమును తెలుగు పద్యములలో చెప్పెను గాన సంఖ్యలును మాటలై ఛందస్సులో నొదిగినవి. చిక్కంతయు తెలుగు వచనమున సంజ్ఞలు చొచ్చినపుడు మొదలైనది. తెలుగు టంకెలలోని సున్నకును, అక్షరములలోని పూర్ణబిందువునకును అచ్చులో రూపభేదము లేదు. 1, 2, 3 అంకెలు స్థిరపడుటతో నాబాధ చాలవరకు తీరినది. భిన్నముల బాధ తీరలేదు. మన పంక్తికి పైన గుడులు, క్రింద ఒత్తులు. అడ్డగీత భిన్నము వానితో ఢీకొనును. కనుక ఏటవాలు గీత యింగ్లీషువారికంటె మనకే యెక్కువ యవసరము.

అయితే అందొక ప్రమాదము గలదు. హారమున రెండును మూడును కలిసియున్న భిన్నమును పంక్తిలోనికి దింపునపుడు 1/(2+3) అని కుండలీకరణము చేర్చితీరవలెను. దానిని మరచి 1/2+3 అని కూర్చినచో అర్థము వేరగును. ఇంట నొంటరిగా లెక్క చేసికొను బాలిక, పుస్తకము చివర జవాబు ఐదవవంతని యుండుట చూచి, తాను సరిగా చేసిన మూడున్నరను చెరిపివేసి, తనకు గణితము రాదని యనుకొనును.