బోర్డు

బోర్డు అనునది ఆంగ్లభాషలో మిక్కిలి ప్రాచీనమై, నేటికిని నిత్యవ్యవహారమున నలుగుచున్న నామవాచకము. కోసి చదునుచేసిన చెక్కపలక దీని మూలార్థము. ఈ యొక్క వస్తువునుండియే భోజనపుబల్ల, భోజనము, బల్లచుట్టు కూర్చుండు సభ్యుల మండలి, ఆ మండలి చెలాయించు అధికారము, నాటకరంగము, గ్రంథముల అట్ట, పాఠశాలలోని నల్లబల్ల, దుకాణముపై నామఫలకము మొదలుగా, పరస్పరసంబంధమే లేనట్లు తోచు పెక్కర్థములు పుట్టినవి. నిఘంటువులో వీనిని వరుసగా చదువువానికి ఇవి యాదృచ్ఛికములను భ్రాంతి కలుగవచ్చును గాని, ఆంగ్లేయుల యిండ్లను, ఓడలను, కచ్చేరీలను ఎఱిగినవానికి, ప్రతి యర్థము వెనుకను ఆ పలకను ఏదో యొక పనికి వాడుకొనిన మనుష్యుల చరిత్ర కానవచ్చును.

ప్రాచీనాంగ్లమున ‘బోర్డ్’ అను నీ రూపమున రెండు మాటలు కలిసిపోయినవి. ఒకటి పలక; రెండవది అంచు, ముఖ్యముగా ఓడయొక్క ప్రక్కభాగము. ఓడ ప్రక్కలు పలకలతోనే కూర్చబడును గనుక ఈ రెండర్థములును ఒండొంటితో సులభముగా పెనవైచుకొనినవి. రెండవ మాటను జర్మానిక్ భాషలనుండి ఫ్రెంచివారు గ్రహించిరి. దానినుండి పుట్టిన ఫ్రెంచి రూపమే సరిహద్దు, అంచు అను నర్థములతో ‘బార్డర్’ అయి ఇంగ్లీషునకు తిరిగి వచ్చినది. పట్టుచీర బార్డరును మెచ్చుకొను తెలుగు స్త్రీ నోట నున్నది ఆ ఓడ ప్రక్కకు చుట్టమైన మాటయే.

నావికుల పరిభాషలో ఓడ కుడిప్రక్కకు ‘స్టార్‌బోర్డు’ అని పేరు. నక్షత్రముతో దీనికేమియు సంబంధము లేదు. చుక్కాని వెనుక నడుమ నమర్చుట రాక పూర్వము, ఓడను నడుపువాడు పెద్ద తెడ్డునొకదానిని కుడిప్రక్కన పట్టుకొని నిలుచుండెడివాడు. ‘నడుపు ప్రక్క’ యన్నది ప్రాచీనరూపమున కర్థము. ఎడమప్రక్కకు చిరకాలము ‘లార్‌బోర్డు’ అను పేరుండెను. గాలివానలో కేకవైచి యాజ్ఞాపించునపుడు ఈ రెండు పేర్లును చెవికొకటిగానే వినబడుట ప్రమాదకరమగుటచే, 1844లో బ్రిటిషు నౌకాదళాధికారులు ఎడమప్రక్కకు ‘పోర్టు’ అను పేరునే వాడవలెనని శాసించిరి. శత్రువు ఓడ ప్రక్కకు తమ ఓడను చేర్చి, దానిపైకి దుమికి పట్టుకొనుటను ‘బోర్డు’ చేయుట యనుచుండిరి. ఆ యుద్ధక్రియ క్రమముగా శాంతించి, ప్రయాణికుడు ఓడ నెక్కుటకును, తరువాత రైలును విమానమును ఎక్కుటకును పేరైనది. విమానాశ్రయమున మన చేతికిచ్చు బోర్డింగు పాసు ఈ వంశమునకు చెందినది.

బోర్డింగు స్కూలు మాత్రము ఈ వంశమునకు చెందినది కాదు. దాని మూలము వంటశాలకడ నున్నది. మధ్యయుగమున ఇంగ్లండునందు సామాన్యుల యిండ్లలోనేమి, ప్రభువుల చావడులలోనేమి, స్థిరమైన భోజనపుబల్ల యరుదు. భోజనవేళకు కాళ్లవంటి ఆధారములు నిలిపి, వానిపై పొడుగైన పలకలు పఱచి, తినుట ముగిసిన వెంటనే విప్పి గోడకు చేర్చుచుండిరి. పలకను పఱచుట యనగా భోజనము వడ్డించుటయే యైనందున, పలకకును పలకపైనున్న అన్నమునకును ఒకే పేరు చెల్లినది. మన దేశమున ‘విస్తరి వేసిరి’ యన్నచో భోజనము పెట్టిరనియే గదా గ్రహింతుము. రుసుము చెల్లించి యితరుల యింట భోజనము చేయువాడు ‘బోర్డర్’ ఆయెను. విద్యార్థులకు అన్నము పెట్టి చదువు చెప్పు బడి బోర్డింగు స్కూలాయెను. వివాహబంధమును త్రెంపకయే దంపతులను వేఱుగా నుండనిచ్చు తీర్పును ఇంగ్లండు క్రైస్తవధర్మాసనములు ‘శయ్యనుండియు బోర్డునుండియు వేర్పాటు’ అని వ్యవహరించుచుండెను. కలిసి నిద్రించుట, కలిసి భుజించుట యను రెంటితో సంసారమునంతయు చెప్పిన యా మాట 1857 నాటి చట్టముతో న్యాయస్థానములనుండి తొలగినది. తెలుగుదేశపు పట్టణములలో హోటళ్ల ముంగిట ‘బోర్డింగ్ అండ్ లాడ్జింగ్’ అని వ్రాసియుండుటను చూచినచో, వ్రేలాడు పలకయు ఒక బోర్డే, లోపల పెట్టు భోజనమును ఒక బోర్డే.

అన్నము తీసివేసిన బల్లపై కాగితములు పఱచుటతో అధికారవంశము మొదలైనది. మంత్రాలోచన జరుగు బల్లకు ‘కౌన్సిల్ బోర్డు’ అని పేరు. బల్ల పేరు కూర్చున్నవారికి సంక్రమించినది. ఒక్కని నిర్ణయముగాక కొందఱు కలిసి కూర్చుండి చేయు నిర్ణయమను భావము ఈ మాటలో గూడుకట్టుకొనియున్నది గనుకనే, వ్యాపార, రాజ్యవ్యవహారములు రెంటికిని ఇది అనుకూలించినది. ఈస్టిండియా కంపెనీపై ప్రభుత్వపు అదుపును నెలకొల్పుటకై 1784లో బ్రిటిషు ప్రధాని పిట్టు మంత్రివర్గము చేసిన చట్టముచే ‘బోర్డ్ ఆఫ్ కంట్రోల్’ ఏర్పడి, 1858లో కంపెనీ పాలనతో పాటు అంతరించెను.

తెలుగువారి బ్రదుకును సూటిగా తాకిన బోర్డు మద్రాసున 1786లో స్థాపితమైన రెవిన్యూ బోర్డు. ఉత్తర సర్కారులలోని చీఫులను, వారి కౌన్సిళ్లను 1794లో తొలగించి, జిల్లాలకు కలెక్టర్లను నియమించినపుడు, ఆ కలెక్టర్లందఱును ఈ బోర్డు క్రిందివారైరి. శిస్తు నిర్ణయము, వజాలు, భూముల తగవులు, ఇనాములు, చెఱువుల మరమ్మతులు అన్నియు దాని యెదుటికి పోవలసినవే. దత్తమండలములలో కలెక్టరుగా నుండిన మన్రో, ప్రతి రైతుతోను నేరుగా శిస్తు కుదుర్చుకొను రైతువారీ పద్ధతిని నిలుపగోరగా, బోర్డు గ్రామము మొత్తమును గుత్తకిచ్చు పద్ధతివైపు మొగ్గినది. 1820లో మన్రోయే మద్రాసు గవర్నరై వచ్చినపిమ్మట రైతువారీ గెలిచినది. ఒక బల్లచుట్టు కూర్చున్న కొలదిమంది యభిప్రాయభేదముపై బళ్లారి, కడప రైతుల పట్టాలు ఆధారపడియుండెనన్న సంగతి, మాటల చరిత్రను తేలికగా చూచువారు తప్పక స్మరింపదగినది. ఆ బోర్డు తాను రద్దయినను దాని శాసనము పోలేదు: ‘బోర్డు స్టాండింగు ఆర్డర్లు’ అను సంపుటములను రెవిన్యూ ఉద్యోగులు నేటికిని ‘బి.ఎస్.ఓ.’ యని పొడియక్షరములతో ఉదాహరింతురు.

మద్రాసు స్థానికసంస్థల చట్టము 1884లో జిల్లా బోర్డులను, తాలూకా బోర్డులను కల్పించినది. రోడ్లు, సత్రములు, వైద్యశాలలు, పాఠశాలలు వీని యధీనము. ‘బోర్డు హైస్కూలు’ అను మాట తెలుగు జిల్లాలలో రెండుమూడు తరముల విద్యావంతుల జీవితచరిత్రలలో విరివిగా కనబడును. 1959లో జిల్లా బోర్డుల స్థానమున జిల్లా పరిషత్తులు వచ్చినను, బడికి పాతపేరు నోట మిగిలి చాలకాలము నడచినది. గుంటూరు కేంద్రముగా 1976లో ఏర్పడిన పొగాకు బోర్డు ఇట్టి మండలులలో రైతు ప్రతియేటను ఎదుర్కొనునది: వర్జీనియా పొగాకు పండించువాడు ఆకును కాల్చి యారబెట్టు బ్యారన్‌కు అనుమతి దానివద్దనే పొంది, కాల్చిన ఆకును చెక్కులు కట్టి దాని వేలంకేంద్రమునకే చేర్చవలెను. తిరుమల తిరుపతి దేవస్థానముల ధర్మకర్తల మండలిని కూడ జనులు బోర్డనియే యందురు.

జూదపుబల్లయు, ఇతరములైన పలకలును ఇచ్చిన మాటలు వేఱు. చేతులు బల్లపైన కనబడునట్లు ఉంచి పేకాడువాడు మోసము చేయజాలడు గనుక, నిష్కపటమైన వ్యవహారమునకు ‘అబవ్ బోర్డ్’ అని పేరు. నటులు త్రొక్కు వేదిక పలకలదగుటచే రంగస్థలమును ‘బోర్డ్స్’ అనిరి. యూరపునందు వ్రాతప్రతులకు ఇరుప్రక్కల చెక్కపలకలు కట్టెడివారు. మన తాటాకుగ్రంథములకును అట్లే పైన నొకటి, క్రింద నొకటి పలకలుంచి, ఆకుల రంధ్రములగుండ త్రాడు దూర్చి చుట్టెడివారు. కాగితపు అట్ట వచ్చినను పలక పేరు పోక ‘కార్డుబోర్డు’లో నిలిచినది. ‘కప్‌బోర్డు’ మొదట గిన్నెలుంచు పలక మాత్రమే. తలుపులు పిదప వచ్చినవి. నల్లబల్లపై రంగుసుద్దలతో భూగోళము బోధించిన యెడింబరో ఉపాధ్యాయుడు జేమ్స్ పిలన్స్ పేరు విద్యాచరిత్రలో ప్రసిద్ధము. పియానో మెట్లనుండి టైపుమిషనుకును, అచ్చటనుండి కంప్యూటరుకును ప్రాకిన ‘కీబోర్డు’లో చెక్క యేనాడో మాయమైనది.

తెలుగు ఈ పదమును ఉకారాంతము చేసి, బోర్డులు, బోర్డున, బోర్డువారు అని స్వంతవిభక్తులతో నడిపించుకొనుటయే గాక, ఇంగ్లీషున లేని నుడికారమునొకదానిని సృజించినది. చీట్లకంపెనీయో, వడ్డీసంస్థయో డిపాజిట్లు వసూలుచేసి రాత్రికి రాత్రి మాయమైనచో, ‘బోర్డు తిప్పేసింది’ అని పత్రికలు శీర్షిక పెట్టును. పొదుపు పోగొట్టుకొనినవారును మూసిన తలుపులయెదుట నిలిచి ఆ మాటయే చెప్పుకొందురు. దుకాణము ముంగిటి నామఫలకమును గోడవైపు త్రిప్పివేయుటను స్ఫురింపజేయు నీ పలుకుబడిని ఏ యాంగ్లనిఘంటువు నుండియు ఎవరును తెచ్చుకొనలేదు. ఆంధ్రనిఘంటువులు బోర్డును అన్యదేశ్యమని గుర్తించి విడిచిపెట్టక, ఈ ప్రయోగమును ప్రత్యేకారోపముగా చేర్చుకొనవలెను.